586 కోసం వదిలిన చోటు

ఇప్పుడు కొనమంటారా, ఆగమంటారా? ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. బంగారం గురించి కాదు, ఇంటి స్థలం గురించీ కాదు, కంప్యూటర్ గురించి. 386 రకం నడుస్తుండగా 486 వస్తోందట కదా అనేవాళ్ళు. 486 చేతికి అందగానే 586 సంగతేమిటని అడిగేవాళ్ళు. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్ చేసి అదే అడుగుతారు, పేర్లు మాత్రం మారాయి. వాళ్ళకు నేను సూటిగా జవాబు చెప్పను. తిరువొత్తియూరు కార్ఖానా సంగతి చెబుతాను. ఫోన్లో చెప్పాలంటే పొడుగవుతుంది కాబట్టి ఈసారి కాగితం మీద పెడుతున్నాను.

తొంభైల మొదట్లో నేను మద్రాసులో ఒక చిన్న సంస్థలో పనిచేసేవాణ్ణి. విడిభాగాలు తెప్పించి కంప్యూటర్లు కూర్చి, ఆఫీసులకూ కార్ఖానాలకూ అమ్మేవాళ్ళం. అమ్మిన తర్వాత వాటి బాగోగులు చూసేవాళ్ళం. నా హోదా టెక్నికల్ మేనేజర్. ఏ భాగం తెప్పించాలో చెప్పడం, అది తప్పయితే వెళ్ళి నిలబడటం నా పని.

నాకు కాలేజీ రోజుల నుంచి డైరీ రాసే అలవాటు ఉంది. నీలం సిరాతో జరిగింది రాస్తాను, ఎర్ర సిరాతో జరగవలసింది రాస్తాను. ఆ డైరీలన్నీ ముందేసుకుని ఒక సెలవురోజున పెద్ద పట్టిక ఒకటి గీశాను. 286, 386, 486 ఒక్కొక్కటి ఒక్కో వరస. దాని గురించి మొదట ఎప్పుడు విన్నాం, నిజంగా ఎప్పుడు వచ్చింది, మా బల్ల మీదకు ఎప్పుడు చేరింది, అది వచ్చాక పాత భాగాల్లో ఏవి పనికొచ్చాయి, ఏవి మూలపడ్డాయి, అన్నీ అందులో ఉన్నాయి. కింద 586 అని పెన్సిల్‌తో రాసి, ముందు వరసల మధ్య ఎడం చూసి తేదీలు అంచనా కట్టాను. దాన్ని నా గది గోడకు అంటించాను.

అప్పటి నుంచి ఆఫీసులో నా పేరు పంచాంగం అయింది. టీ దగ్గర ఎవరో ఒకరు, "పంచాంగం గారూ, ఈ వారం మదర్‌బోర్డు మార్చడానికి ముహూర్తం ఉందా?" అనేవారు. మా యజమాని మాత్రం ఆ పట్టికను సీరియస్‌గా తీసుకున్నాడు. కొనాలా ఆగాలా తేల్చుకోలేని కస్టమర్లను తెచ్చి సరిగ్గా దానికి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చోబెట్టేవాడు.

అలా కూర్చున్నవాళ్ళలో ఒకాయన మద్రాసు ఉత్తరపు అంచునున్న తిరువొత్తియూరు నుంచి వచ్చాడు. అక్కడ పెద్ద పెద్ద పైపులకు బిగించే వాల్వులు తయారుచేసే కార్ఖానాలో డ్రాయింగ్ ఆఫీసుకు ఆయన పెద్ద. తరాల కిందట తమిళ దేశానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. తెలుగు మాట్లాడేవాడు కానీ లెక్కలు తమిళంలో వేసుకునేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు పెన్సిళ్ళు, నాలుగూ ఒకే పొడుగు ఉండేవి. ఆ పెన్సిళ్ళు చూసినప్పుడే ఈయనతో నాకు పొసగుతుందనుకున్నాను.

ఆయన కింద ఆరుగురు డ్రాఫ్ట్స్‌మెన్ ఉన్నారు. అందరినీ ఆయనే చేర్చుకుని పని నేర్పాడు. కార్ఖానా జనరల్ మేనేజర్‌కు అంతకుముందే ఒక ఆలోచన వచ్చింది. డ్రాయింగుల పని వేరే ఊళ్ళోని ఒక కంపెనీకి అప్పగించి, ఈ ఆరుగురినీ స్టోర్సులోకీ డిస్పాచ్‌లోకీ సర్దేయడం. డ్రాయింగ్ పెద్ద వెళ్ళి, మాకూ కంప్యూటర్లు ఇప్పించండి, ఇక్కడే గీస్తాం అని అడిగాడు. మేనేజర్ ఒక్కసారికి ఒప్పుకున్నాడు. ఏడాదిన్నరకల్లా అవి పాతబడ్డాయంటే మళ్ళీ కొనేది లేదు, పని బయటికే పోతుంది అని చెప్పాడు.

అందుకే ఆయన నా పట్టిక ముందు కూర్చున్నాడు.

"నాకు రేటు చెప్పొద్దు సార్, అది వేరేవాళ్ళు చూసుకుంటారు. ఆ 586 వస్తే ఇవి నిలబడతాయా, లేదా? అది చెప్పండి చాలు."

నిలబడతాయని చెప్పాను. గాలిమాట కాదు, కారణం ఉంది. ప్రాసెసర్ అంటే కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసే చిప్పు. బిస్కెట్టంత చదరపు బిళ్ళ, దాని కింద గుండుసూదుల్లాంటి కాళ్ళు. ఆ కాళ్ళు దిగే గుంటల గట్టును సాకెట్ అంటాం. అప్పుడు కొత్తగా వచ్చిన 486 బోర్డుల్లో ఆ సాకెట్ చిప్పుకంటే పెద్దదిగా ఉండేది. 486 కాళ్ళు దిగాక చుట్టూ ఒక వరస గుంటలు ఖాళీగా మిగిలేవి. రాబోయే తరం కోసమే ఆ వరస వదిలామని బోర్డుతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంది. కంప్యూటర్ మార్చనక్కర్లేదు, చిప్పు తీసి చిప్పు పెడితే చాలు. ఇంకా పుట్టని బిడ్డకు ఉయ్యాల కట్టి ఉంచడం నాకు ఎంతో నచ్చింది. నా పట్టికలో పాత భాగాల్లో పనికొచ్చేవి అన్న గడిలో, పెన్సిల్ వరస ఎదురుగా, మొదటిసారి "అన్నీ" అని రాసుకున్నాను.

అయిదు కంప్యూటర్లకు ఆర్డరు వచ్చింది. దానితో పాటు ఒక ఉత్తరం ఇమ్మన్నాడాయన. ఈ కుటుంబంలో తర్వాతి ప్రాసెసర్ విడుదలయ్యాక దాన్ని ఈ అయిదింటిలో అమర్చి ఇస్తామని మేము రాసివ్వాలి. నేను "సాధ్యమైతే" అన్న మాట చేర్చి ముసాయిదా రాశాను. ఆయన చదివి, ఆ మాట కింద పెన్సిల్‌తో గీత గీశాడు.

"దీన్ని తీసేయండి సార్. ఉత్తరం మొత్తంలో మా జి.ఎం. చదివేది ఈ ఒక్క మాటే."

తీసేశాను. సంతకం నాదే.

మా అసెంబ్లీ బల్ల దగ్గర ఒకావిడ పనిచేసేది. వాషర్‌మెన్‌పేట్‌లో తాత ముత్తాతల కాలం నుంచి ఉన్న తెలుగువాళ్ళు. ఐ.టి.ఐ. చదివి, ఒక రేడియో కంపెనీలో చాలాకాలం సోల్డరింగ్ చేసి మా దగ్గరకు వచ్చింది. మాట తక్కువ. ఎవరైనా బోర్డును గట్టిగా కింద పెడితే తలెత్తి చూసేది, అంతే. ఆ చూపు పడ్డవాళ్ళు రెండోసారి గట్టిగా పెట్టేవాళ్ళు కారు.

ఈ అయిదు కంప్యూటర్లూ ఆవిడే కూర్చింది. అప్పటి పెట్టెలు బల్ల మీద అడ్డంగా పడుకునేవి, వాటి మీద మానిటర్ కూర్చునేది. లోపల ఒక పక్కన హార్డ్ డిస్కును పట్టే రేకు తట్ట వేలాడుతుంటుంది. మొదటి పెట్టె మూత బిగించేముందు ఆవిడ నన్ను పిలిచింది. సాకెట్‌కూ పైనున్న తట్టకూ మధ్య రెండు వేళ్ళు పెట్టి చూపించింది.

"కింద బాగానే వదిలినారు సార్. పైన చోటు లేదే?"

"పైన ఎందుకమ్మా? చిప్పు బిస్కెట్టంత మందం కూడా ఉండదు."

"గుంటలు ఎక్కువ ఉండాయి కదా సార్. కాళ్ళు ఎక్కువుంటే తిండి ఎక్కువ. తిండి ఎక్కువైతే వేడీ ఎక్కువే. దీనికే వేలు పెడితే కాలతా ఉండాది. వచ్చేదానికి తలమీద ఏమైనా పెట్టాల్సొస్తే, ఈడ ఏడ పడతాది?"

నవ్వి, రోజురోజుకూ అన్నీ చిన్నవవుతున్నాయి కానీ పెద్దవి కావడం లేదు కదమ్మా అన్నాను. ఆవిడ సరే సార్ అని మూత బిగించేసింది. నేను మాత్రం అలవాటు ప్రకారం ఆ రాత్రి డైరీలో ఎర్ర సిరాతో రాశాను: "సాకెట్ పైన చోటు చాలదేమో అంటోంది. తర్వాత చూడాలి."

తర్వాత చూడలేదు.

ఏడాది గడిచింది. నేను ఎదురుచూసిన 586 ఆ పేరుతో రానే లేదు. అంకె వదిలేసి ఒక పేరు పెట్టుకుని వచ్చింది. నా పట్టికలో పెన్సిల్‌తో రాసిన మొదటి విషయమే తప్పయింది. ఆఫీసులో అందరూ పంచాంగానికి శాంతి చేయించాలన్నారు. అదీ కాక, కొత్త చిప్పు ముందుగా కొత్త బోర్డులకు వచ్చింది. మా పాత బోర్డుల్లో దిగే రకం కోసం మళ్ళీ ఎదురుచూపు. కార్ఖానా నుంచి డ్రాయింగ్ పెద్ద నెలకోసారి ఫోన్ చేసేవాడు. తొందర పెట్టేవాడు కాదు. "ఊరికే చేసినా సార్" అనేవాడు. ఈలోగా వాల్వుల డ్రాయింగులు పెద్దవయ్యాయి. ఒక్క బొమ్మ తెర మీద పూర్తిగా మళ్ళీ గీసుకునేసరికి మనిషి వెళ్ళి టీ తాగి రావచ్చు. పని బయటికిస్తే ఎంత తొందరగా అవుతుందో చూపించడానికి ఆ వేరే ఊరి కంపెనీ అప్పటికే కొన్ని నమూనా డ్రాయింగులు పంపింది.

చివరికి మా బోర్డులకు సరిపోయే చిప్పు అయిదు పెట్టెల్లో వచ్చింది, మండు వేసవిలో, మద్రాసులో కత్తిరి అనే ఎండలప్పుడు. పెట్టె తెరిచి చూస్తే, చిప్పు తలమీద అల్యూమినియం రెక్కలు, వాటిమీద చిన్న ఫ్యాన్. అంతా ఒకే ముక్క, విడదీయడానికి లేదు. ముచ్చటగా ఉందనుకున్నాను. సాకెట్ పైన చోటు గురించి ఏడాదిన్నర కిందటి మాట మాత్రం గుర్తు రాలేదు. ఆ మాట అన్న మనిషి ఆ వారం మొక్కు తీర్చడానికి తిరుత్తణి వెళ్ళి ఉంది. ఉంటే గుర్తుచేసేది.

నేను చేయవలసిన పరీక్షలన్నీ చేశాను. అదే రకం బోర్డు ఒకటి బల్ల మీద పరిచి, కొత్త చిప్పు దించి, రెండు రోజులు ఆపకుండా నడిపాను. గంట గంటకూ వేడి చూసి రాసుకున్నాను. డైరీలో ఆ రెండు పేజీలు నీలం సిరాతో ఎంతో అందంగా ఉన్నాయి. మా వృత్తిలో అందరూ అలాగే పరీక్షించేవాళ్ళు, బల్ల మీద, బోర్డు విప్పి. అన్నిటికీ చేయి అందుతుంది, ఏ వైరైనా మార్చుకోవచ్చు.

శుక్రవారం ఉదయం పదకొండింటికి జనరల్ మేనేజర్ వచ్చి చూస్తానన్నాడు. బయటి కంపెనీ కాగితాలు ఆయన బల్ల మీద సంతకానికి సిద్ధంగా ఉన్నాయని, ఇక్కడ చూసినదాన్ని బట్టే వాటి సంగతి తేలుస్తాడని డ్రాయింగ్ పెద్ద ముందురోజే చెప్పాడు. ముందు ఒక దానికి చిప్పు మార్చి చూపిస్తే చాలు, మిగతావి తర్వాత.

పొద్దున్నే వ్యాన్‌లో బయల్దేరాం. వాషర్‌మెన్‌పేట్‌లో వాళ్ళ వీధి చివర అసెంబ్లీ ఆవిడను ఎక్కించుకున్నాం. తిరుత్తణి ప్రసాదం పెట్టి, చిప్పు పెట్టె ఒళ్ళో పెట్టుకుని తెరిచింది. ఫ్యాన్ మీద వేలు పెట్టి తిప్పింది. కొంతదూరం పోయాక అడిగింది.

"మూత వేసి చూసినారా సార్?"

"బల్ల మీద రెండు రోజులు నడిపానమ్మా. ఒక్కసారి కూడా ఆగలేదు."

"బల్లకి మూత లేదే సార్."

ఎదురుగా ఎన్నూరు వైపు పోయే బొగ్గు లారీల వరస. మా డ్రైవరు వాటిని దాటడానికి హారన్ కొడుతూనే ఉన్నాడు. ఆవిడ తన టిఫిన్ డబ్బా సంచిలోంచి కొలతబద్ద తీసి ఫ్యాన్ ఎత్తు కొలిచి, మళ్ళీ సంచిలో పెట్టేసింది. ఎంతని నేను అడగలేదు.

డ్రాయింగ్ హాలు రెండో అంతస్తులో ఉండేది. సముద్రం వైపు పొడుగాటి కిటికీలు. కార్ఖానాలో ఏ.సి. ఉన్నది అకౌంట్సు వాళ్ళ కంప్యూటర్ గదికి మాత్రమే. ఇక్కడ సీలింగ్ ఫ్యాన్లు, ఒక మూల పాత డ్రాయింగ్ బోర్డులు, వాటి పక్కన ప్లాస్టిక్ తొడుగుల కింద మా అయిదు కంప్యూటర్లు. ఆరుగురూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వచ్చారు. వాళ్ళలో ఒకడు విభూతి కూడా దండిగా పెట్టుకున్నాడు.

మూత విప్పి, డిస్కు ఉన్న తట్ట తీసి, పాత చిప్పు లాగి కొత్తది దించాను. ఖాళీ వరసలోకి కాళ్ళు మెత్తగా దిగాయి. కరెంటు వేయగానే ఫ్యాన్ తిరిగింది, తెర మీద అక్షరాలు వచ్చాయి. ఆరుగురూ చప్పట్లు కొట్టారు. ఆపివేసి తట్ట మళ్ళీ పెట్టబోతే అది ఫ్యాన్ మీద కూర్చుంది. బొటనవేలి మందం ఎత్తున ఆగిపోయింది. నొక్కితే దిగేది కాదు.

డ్రాయింగ్ పెద్ద వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకుని, చాలాసేపు పెట్టెలోకి చూశాడు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పదకొండుకు అరగంట ఉంది. అసెంబ్లీ ఆవిడ డిస్కును తట్ట నుంచి విప్పి, పెట్టె వెనక రెండు పాత కేటలాగుల మీద పెట్టి, వైరు లోపలికి కలిపింది. అలా నడుస్తుంది. వైరు అడ్డొస్తుంది కాబట్టి మూత మాత్రం పడదు.

ఆయన నన్ను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళాడు.

"మూత ఊరికే పైన ఆనించేయండి సార్. ఆయన తెర చూస్తాడు, లోపల చూడడు. టేబుల్ ఫ్యాన్ ఒకటి ఇట్ల తిప్పి పెడదాం. ఈ రోజు గడిస్తే చాలు."

కిటికీ గట్టు మీద చేయి పెట్టి మాట్లాడుతున్నాడు. చేయి తీసినప్పుడు అరచేయి నల్లగా ఉంది. లారీల బొగ్గు ధూళి, సముద్రపు ఉప్పు కలిసిన పొడి అది. ఈ అయిదింటిలో బాగుకు వచ్చినవాటిని మేము విప్పి చూసినవాళ్ళమే. మూత ఉండగానే లోపల మరలు తుప్పు పట్టేవి. మూత లేకుండా ఎన్నాళ్ళు నిలబడతాయో మా ముగ్గురికీ తెలుసు. నేను సరే అనలేదు, వద్దనీ అనలేదు. మూత తీసుకెళ్ళి పైన ఆనించాను. ఆ పని చేసింది నా చేతులే అని ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను.

జనరల్ మేనేజర్ సరిగ్గా పదకొండుకు వచ్చాడు. మితభాషి. కుర్చీ వద్దని నిలబడే చూశాడు. పెద్ద వాల్వు డ్రాయింగ్ తెరిచారు. మొదట పక్కనున్న పాత చిప్పు కంప్యూటర్‌లో, తర్వాత కొత్తదానిలో. పాతది ఇంకా అంచులు గీసుకుంటుండగానే కొత్తది పూర్తి చేసేసింది. ఆయన తల ఊపాడు. ఇంకోసారి చేయించి చూశాడు. మంచిది అని ఇంగ్లీషులో అని, వెళ్ళడానికి తిరిగాడు. డ్రాయింగ్ పెద్ద నా వైపు చూడలేదు, నేల వైపు చూస్తున్నాడు.

అప్పుడు నేను, సార్, ఒక్క నిమిషం అన్నాను. మూత ఎత్తి పక్కన పెట్టాను. ఇది ఇలా ఉంటేనే నడుస్తుంది, మూత పడదు, ఈ హాలు గాలికి ఇలా వదిలేస్తే వానాకాలం దాకా ఆగదు, ఉత్తరం రాసినప్పుడు నేను ఇది చూసుకోలేదు అని చెప్పాను. ఇది ధైర్యమని ఎవరూ అనుకోవద్దు. నా సంతకంతో ఉన్న ఉత్తరం ఆయన ఫైల్లో ఉంది. వానాకాలంలో నా డైరీలో రాసుకోవలసిన వాక్యం నాకు ముందే కనిపించింది, అంతే.

అయితే ఇంతసేపూ నేను చూసిందేమిటి అని ఆయన తమిళంలో అడిగాడు. గొంతు పెంచలేదు. డ్రాఫ్ట్స్‌మెన్ ఆరుగురిలో ఒకరు టేబుల్ ఫ్యాన్ ఆపేశారు, ఎందుకో తెలియదు.

అసెంబ్లీ ఆవిడ కేటలాగుల మీది డిస్కును చేతిలోకి తీసుకుంది. మేనేజర్‌కు దాన్ని పడుకోబెట్టి చూపించి, తర్వాత అంచు మీద నిలబెట్టి చూపించింది. నెమ్మదిగా తమిళంలోనే చెప్పింది. ఇది పడుకునే ఉండాలని ఏమీ లేదు, నిలబడి కూడా తిరుగుతుంది. పెట్టె గోడ పక్కన నిలబెడితే ఫ్యాన్ పైన చోటంతా ఖాళీ. నిలబెట్టి పట్టుకోవడానికి ఎల్ ఆకారంలో వంచిన రేకు ముక్క ఒకటి కావాలి, దానికి కొన్ని బెజ్జాలు. అలాంటి ముక్క బజారులో దొరకదు. చేయించాలి.

ఎన్నాళ్ళు పడుతుందని ఆయన అడిగాడు. ఆ ప్రశ్న మా వైపు వేశాడు. జవాబు వచ్చింది డ్రాయింగ్ పెద్ద నుంచి.

"సాయంత్రానికి, సార్."

పెద్దాయన జేబులోంచి సన్నటి కొలతలు చూసే వెర్నియర్ తీశాడు. పెన్సిళ్ళ వెనక అది కూడా ఉంటుందని నాకు అంతదాకా తెలియదు. డిస్కు పొడుగు, ఎత్తు, పెట్టె గోడ, అన్నీ కొలుస్తూ అంకెలు తమిళంలో చెబుతుంటే, విభూతి కుర్రవాడు ఆ మూత లేని కంప్యూటర్ ముందే కూర్చుని గీశాడు. మేనేజర్ కాసేపు నిలబడి చూసి కిందికి వెళ్ళిపోయాడు. పన్నెండుకల్లా డ్రాయింగ్ కాగితం మీదకు వచ్చింది. పెద్దాయన దాన్ని పట్టుకుని స్వయంగా రేకు పని చేసే షెడ్డుకు వెళ్ళాడు. రెండో అంతస్తు కిటికీలోంచి ఆయన ఎండలో ఆవరణ దాటడం కనిపించింది. గొడుగు మరిచిపోయాడు. కాగితాన్నే తలమీద పెట్టుకున్నాడు, మళ్ళీ తీసి చంకలో దాచుకున్నాడు.

ముక్క మూడింటికి వచ్చింది. ఒక బెజ్జం కలవలేదు. డిస్కు మీద కొలవకుండా, కేటలాగులో ఉన్న అంకె చూసి గీసిన బెజ్జం అది ఒక్కటే. ఆ అంకె చదివి చెప్పింది నేను. అసెంబ్లీ ఆవిడ సంచిలోంచి గుండ్రటి ఆకురాయి తీసి, బెజ్జాన్ని కోడిగుడ్డు ఆకారంలోకి సాగదీసింది. డిస్కు నిలబడింది. మూత దించి నాలుగు మరలూ బిగించింది. తర్వాత నా వైపు తిరిగి, "ఇప్పుడు పరీక్ష చేయండి సార్" అంది.

నాలుగున్నరకు మేనేజర్ మళ్ళీ పైకి వచ్చాడు. ఈసారి తెర చూడలేదు. పెట్టె చుట్టూ తిరిగి, మూత మీద వేలి కణుపులతో రెండుసార్లు కొట్టాడు. డ్రాయింగ్ కాగితం అడిగి తీసుకుని, కింద వేసిన టైము చూశాడు. బయటి కంపెనీని నమూనా డ్రాయింగుల్లో ఒక బెజ్జం మార్చమంటే జవాబు రావడానికి ఎన్ని రోజులు పట్టింది అని డ్రాయింగ్ పెద్దను అడిగాడు.

"తొమ్మిది రోజులు సార్."

మేనేజర్ కాగితం మడిచి తన జేబులో పెట్టుకున్నాడు.

"ఇంకా నాలుగు చేయించండి" అన్నాడు.

ఆయన మెట్లు దిగేదాకా హాల్లో ఎవరూ కదల్లేదు. తర్వాత పెద్దాయన తన స్టూలు మీద కూర్చుని, జేబులోని పెన్సిళ్ళు తీసి ఒకదాని పక్కన ఒకటి పెట్టి సరిచేయడం మొదలుపెట్టాడు. అవి అప్పటికే సరిగ్గా ఉన్నాయి.

"ఒక ముక్క ముందే అడిగుంటే, ముందే చేసిపెట్టేవాళ్ళం కదా సార్" అన్నాడు నాతో, కోపం లేకుండా. టీ తెప్పించాడు.

అంతా సుఖాంతమని రాస్తే అబద్ధమవుతుంది. మిగిలిన నాలుగింటిలో రెండు బోర్డులు ఆ చిప్పును అసలు ఒప్పుకోలేదు. కొంచెం పాత విడతవి. ఆ రెండు బోర్డులూ మేమే మార్చి ఇచ్చాం. మా యజమాని నన్ను పిలిచి చాలాసేపు మాట్లాడాడు. ఆ మాటలు డైరీలో ఉన్నాయి, ఇక్కడ అక్కర్లేదు. ఆ రోజు సాయంత్రమే నా గది గోడ మీది పట్టిక తీసి చుట్ట చుట్టి అలమారలో పెట్టాను. కస్టమర్ల కుర్చీ మాత్రం అక్కడే ఉంది. కొన్నాళ్ళు వాళ్ళు ఖాళీ గోడ చూస్తూ కూర్చునేవాళ్ళు.

ఆ డ్రాయింగ్ ఆఫీసు పెద్దాయన రిటైరయ్యేదాకా నడిచింది, తర్వాత కూడా కొన్నేళ్ళు నడిచింది. ఆరుగురిలో ఎవరూ స్టోర్సుకు పోలేదు. మా సంస్థలో పరీక్షల బాధ్యత ఆవిడకు ఇమ్మని నేనే యజమానితో చెప్పాను. ఆవిడ పెట్టిన నియమం ఒకటే. మూత బిగించి, నాలుగు మరలూ వేసి, ఆ తర్వాతే పరీక్ష. కొత్తగా చేరిన ఇంజనీర్లు ఇది టైము దండగ అని నా దగ్గరకు వచ్చి చెప్పేవారు. వెళ్ళి ఆవిడకే చెప్పమనేవాణ్ణి. ఎవరూ వెళ్ళలేదు.

కొన్నాళ్ళకు ఆ ప్రాసెసర్ల కుటుంబంలో తర్వాతి తరం వచ్చింది. దానికి కాళ్ళూ లేవు, గుంటలూ లేవు. నల్ల డబ్బాలో కూర్చుని, బోర్డు మీద ఒక సందులో అంచు మీద నిలబడింది. ఏ బోర్డులోనూ, ఏ పుస్తకంలోనూ దానికోసం ఎవరూ ముందుగా చోటు వదల్లేదు. మొదటిది పెట్టె తెరిచినప్పుడు అసెంబ్లీ ఆవిడ నన్ను పిలిచి చూపించింది.

"చూసినారా సార్? మనం డిస్కుని నిలబెడితే, వాళ్ళు దీన్నే నిలబెట్టేసినారు."

ఆవిడ అంత నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

నేను డైరీ రాయడం మానలేదు. "తర్వాత చూడాలి" అని రాయడం మాత్రం మానేశాను. రాయక తప్పనప్పుడు పక్కన తేదీ వేస్తాను. ఆ తేదీ పేజీ తెరిచి అక్కడ కూడా రాస్తాను. కొనాలా ఆగాలా అని అడిగే పిల్లలకు నేను చెప్పగలిగింది కూడా ఇంతే. వచ్చేది ఎలా ఉంటుందో నాకు తెలియదు. మీ బల్ల దగ్గర ఎవరో ఒకరు రెండు వేళ్ళు పెట్టి చూపిస్తూ ఉంటారు. వాళ్ళు చూపించినప్పుడే కొలవండి.

ఆ మొదటి కంప్యూటర్‌ను పాత ఇనుముకు వేసినప్పుడు పెద్దాయన అందులోంచి ఎల్ ముక్క విప్పించి, న్యూస్‌పేపర్లో చుట్టి నాకు పంపాడు. ఉత్తరం ఏమీ పెట్టలేదు. నా పుస్తకాల బీరువాలో డైరీల వరస చివర ఒరిగిపోతుండేది. ఆ ముక్కను అక్కడ నిలబెట్టాను, బాగా ఆపుతోంది. సాగదీసిన బెజ్జం నా వైపుకు ఉంటుంది.